మా నడవడికకు సాక్షి ఎవరు?

ఉద్యోగం ఇచ్చేముందు మనిషి గురించి వాకబు చేయడం కొత్తగా వచ్చిన పద్ధతి అన్నట్టు మాట్లాడుతున్నారు. హైదరాబాదులో అద్దాల మేడలు లేచాక, కంపెనీలు ఏజెన్సీలను పెట్టి చదువులూ చిరునామాలూ పాత కేసులూ ఆరా తీయడం మొదలుపెట్టాక, ఇదేదో అమెరికా నుంచి దిగిన సరుకు అనుకుంటున్నారు. మా గూడేనికి మాత్రం ఇది తాతలనాటి సంగతి. మా నాయనను విచారించారు. నన్ను విచారించారు. మా పెదనాయన కొడుకును విచారించి కడుపు మీద కొట్టారు. ఇప్పుడు నా కూతురునూ విచారించారు. మూడు తరాల్లో అడిగే మనిషి మారాడు, అడిగే కాయితం మారింది. ఎవరిని అడగాలన్న లెక్క మాత్రం మారలేదు. ఆ లెక్క చరిత్రే నేను చెప్పదలుచుకున్నది.

మా వైపు పాలేళ్ళ జీతాలు ఉగాదికి కుదిరేవి. మా నాయన పన్నెండో ఏట పసులకాపరిగా చేరి, మీసాలు వచ్చేసరికి పెద్దపాలేరు అయ్యాడు. ఒక ఆసామి దగ్గర మానేసి ఇంకో ఆసామి దగ్గరకు పోతే, కొత్త ఆసామి పాత ఆసామిని అడిగేవాడు. అరక బాగా తోలతాడా, కుప్ప బాగా వేస్తాడా అని కాదు. "ఎదురు చెప్తాడా? పదిమందిని పోగేస్తాడా? బాకీ తీరిందా?" ఇవీ ప్రశ్నలు. బాకీ తీరలేదని పాత ఆసామి అంటే ఊళ్ళో ఇంకెవరూ పనిలోకి పిలిచేవాళ్ళు కాదు. ఆ బాకీ ఎంతో ఆసామి పుస్తకానికే తెలుసు. మా నాయనకు చదువు లేదు. ఆ పుస్తకంలో ఏం రాసుందో ఆయనకు ఎన్నడూ తెలియలేదు. ఉద్యోగి గురించి రహస్య నివేదిక అంటే ఏమిటో నాకు ఆఫీసుల్లో కాదు, మా నాయన ముఖంలో ముందు తెలిసింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చి వెట్టిచాకిరీ బాకీలు రద్దన్నారు. చట్టం బాకీని రద్దు చేసింది గానీ ఆసామి నోటిమాటను రద్దు చేయలేదు.

ఇది మా ఒక్క ఊరి కథ అయితే రాయనక్కరలేదు. దొరల ప్రభుత్వమూ ఇదే పని చట్టం పేరుతో చేసింది. కంపెనీ కాలం నుంచీ బొంబాయి సైన్యంలో మహార్లు యుద్ధాలు చేశారు. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారుగా చేసింది ఆ సైన్యంలోనే. 1890ల తొలినాళ్ళకు దొరలకు కొన్ని కులాలే యుద్ధానికి పనికొస్తాయన్న సిద్ధాంతం తలకెక్కింది. మహార్లను తీసుకోవడం ఆపేశారు. వాళ్ళు పారిపోయారని కాదు, ఓడిపోయారని కాదు. మనిషి ఛాతీ కొలవకముందే కులం కొలిచారు. మళ్ళీ మహార్ రెజిమెంటు ఏర్పడింది 1941లో, రెండో ప్రపంచ యుద్ధానికి మనుషులు కావలసి వచ్చినప్పుడు. అవసరం వచ్చినప్పుడు పూర్వాపరాలు అడ్డం రావు. ఇది గుర్తుపెట్టుకోవలసిన పాఠం.

ఇంకోపక్క 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. మొదట ఉత్తరాదిన అమలయింది. 1911లో తెచ్చిన చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక తెగలో పుట్టడమే నేరం అయింది. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిన సెటిల్మెంటే. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. ఆ చట్టం 1952లో పోయింది. పేరు మాత్రం పోలేదు. "నీది స్టువర్టుపురమా?" అన్న ఒక్క ప్రశ్న ఎంతమంది చదువుకున్న పిల్లల ఇంటర్వ్యూలను మధ్యలోనే ముగించిందో ఆ ఊరివాళ్ళు చెప్పాలి. మేము షెడ్యూల్డు కులం, వాళ్ళు షెడ్యూల్డు తెగ. అయినా పోలీసుస్టేషను గోడల మధ్య మా ఇద్దరి పేర్లూ ఒకే బీరువాలో ఉన్నాయి. పుట్టుకను బట్టి మనిషి నడవడికను ముందే రాసిపెట్టే అలవాటు ఆ బీరువాలోంచి వచ్చిందే.

ఈ మాట నేను కోపంతో అంటున్నది కాదు. 2024 మేలో సుప్రీంకోర్టు ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కేసులో హిస్టరీ షీట్ల సంగతి విచారిస్తూ, వెనకబడిన కులాలవాళ్ళూ అణగారినవాళ్ళూ ఏ తప్పూ చేయకపోయినా వాళ్ళ పేర్లు ఇట్లాంటి రికార్డుల్లోకి యాంత్రికంగా ఎక్కకుండా చూడమని రాష్ట్రాలన్నిటికీ చెప్పవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమన్నది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్ళకు.

అంబేద్కర్ జీవితంలో 1917 సంగతి అందరికీ తెలిసిందే, అయినా ఇక్కడ చెప్పాలి. విదేశాల్లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన మనిషి. ఆయన చదువును విచారించక్కరలేదు, చదివించిందే ఆ సంస్థానం. ఉద్యోగం దొరికింది, ఉండటానికి గది దొరకలేదు. పార్సీ పేరుతో ఒక సత్రంలో చేరితే కులం కూపీ లాగి, కర్రలు పట్టుకుని వచ్చి బయటకు నెట్టారు. ఉద్యోగానికి పనికొస్తాడా అన్నది రాజు చూశాడు. ఎవడీ మనిషి అన్నది వీధి చూసింది. చివరికి వీధి మాటే నెగ్గింది.

తరవాత రాజ్యాంగం వచ్చింది. ప్రభుత్వోద్యోగాల్లో అందరికీ సమాన అవకాశమని 16వ అధికరణం అన్నది. రిజర్వేషను వచ్చింది. మేం చదువుకున్నాం. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పురుగులన్నం తిని డిగ్రీ చేశాం. పరీక్ష రాశాం, ఇంటర్వ్యూ దాటాం. అప్పుడొచ్చింది ఆ కాయితం. దాని పేరు అటెస్టేషన్ ఫారం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరేవాళ్ళందరికీ అది తెలుసు. అబద్ధం రాసినా నిజం దాచినా అనర్హులవుతారన్న హెచ్చరికతో మొదలవుతుంది. పుట్టిన ఊరు, గత అయిదేళ్ళలో ఏడాదికి మించి ఉన్న చోట్లు, మతం, షెడ్యూల్డు కులమా అవునా కాదా. ఆ తరవాత అసలు గడి. నిన్ను ఎప్పుడైనా అరెస్టు చేశారా, కేసు పెట్టారా, నిర్బంధంలో ఉంచారా, బైండోవరు చేశారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా. చివర నిన్ను ఎరిగిన ఇద్దరు బాధ్యతగల మనుషుల పేర్లు. కలిగినవాళ్ళ పిల్లాడికి ఈ గడులు నింపడానికి పది నిమిషాలు చాలు. మాకు ఒక్కొక్క గడీ ఒక్కొక్క సంవత్సరం.

ఎందుకంటే 1986లో మా ఊళ్ళో ఏప్రిల్ 14న అంబేద్కర్ పటం పెట్టుకుని మేము పెద్దవీధిన ఊరేగాం. ఆ వీధిన మా పెళ్ళి కూడా పోకూడదు. రాళ్ళు పడ్డాయి, కర్రలు లేచాయి. మా వాళ్ళకు నలుగురికి తలలు పగిలాయి. మేము కేసు పెట్టాం. తెల్లారేసరికి మా మీదా కేసు ఉంది. మందిగా చేరి అల్లరి, మారణాయుధాలు, గాయపరచడం అని 147, 148, 324 సెక్షన్లు. దానికి ముందుమాటగా 107 కింద బైండోవరు. ఆ రోజుల్లో దళితులు దెబ్బలు తిన్న ప్రతిచోటా ఎదురు కేసు నీడలా వచ్చేది. కేసు పెట్టినోళ్ళు దారికి వచ్చి రాజీపడాలి, అదీ దాని పని. పదకొండుమందిమి మూడేళ్ళు వాయిదాలకు తిరిగాం. మా అమ్మ చూడిబర్రెను అమ్మింది. 1989లో అందరిమీదా కేసు కొట్టేశారు.

1991లో నేను ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఎంపికయ్యాను. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. బైండోవరు రాశాను, కేసు నంబరు రాశాను, కొట్టేసిన తేదీ రాశాను. బాధ్యతగల మనుషులుగా మా పల్లె బడిలో నాకు అక్షరాలు దిద్దించిన పంతులుగారి పేరూ, హాస్టలు వార్డెను పేరూ ఇచ్చాను. ఇద్దరూ మా వాళ్ళే.

కానిస్టేబులు వచ్చాడు. గూడెంలోకి అడుగు పెట్టి మా నాయనను అడిగాడు.

"ఒరే, నీ కొడుకు ఎట్టాంటోడురా?"

"మంచోడేనయ్యా. సదూకున్నోడు."

"నువ్వు చెప్తే అయిద్దా? ఊళ్ళో పెద్దమనుషులు చెప్పాల."

ఆయన పంతులుగారి దగ్గరకు పోలేదు. వార్డెనుకు కబురు పెట్టలేదు. ఊళ్ళోకి పోయి ప్రెసిడెంటు అరుగు మీద కూర్చున్నాడు. ఆ ప్రెసిడెంటు ఎవరంటే మేము పెట్టిన కేసులో మొదటి ముద్దాయి. నా నడవడికకు సాక్ష్యం చెప్పే యోగ్యత ప్రభుత్వం ఆయనకిచ్చింది. ఆయన ఏం చెప్పాడో ఊహించడానికి చదువు అక్కరలేదు. గ్రామ తగాదాల్లో చురుకుగా పాల్గొనే వ్యక్తి అని రిపోర్టు పోయింది. నాతోపాటు ఎంపికైనవాళ్ళు సెప్టెంబరులో చేరారు. నాకు ఉత్తరం రాలేదు. పోయి అడిగితే "మీ ఫైలు పరిశీలనలో ఉంది" అన్నారు. ఆ ప్రెసిడెంటు మేనల్లుడు కూడా ముద్దాయే. అతను రోడ్లు వేసే కాంట్రాక్టరు. అతను ఏనాడూ అటెస్టేషన్ ఫారం నింపలేదు.

మా కేసు చూసిన ప్లీడరుగారు నాకొక తీర్పు నకలు ఇచ్చారు. 1983 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది, మధ్యప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ రామశంకర్ రఘువంశీ. రాసినవారు మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ రఘువంశీ మునిసిపల్ బడి మాస్టరు. 1971లో బడిని ప్రభుత్వం తీసుకుంది. తరవాత పోలీసు రిపోర్టు వచ్చింది, ఈయన ఆరెస్సెస్సులో, జనసంఘంలో తిరిగినవాడని. 1974లో తీసేశారు. చిన్నపరెడ్డిగారు ఒప్పుకోలేదు. ఒకప్పుడు ఏదో రాజకీయంలో పాల్గొన్నాడని పోలీసులు రహస్యంగా చెబితే మనిషి బతుకుతెరువు తీసేయడం మన రాజ్యాంగంలో కుదరదని తేల్చారు. ఆ మాస్టరు రాజకీయాలు మా రాజకీయాలు కావు. ఆ జెండా మా జెండా కాదు. అయినా ఆ తీర్పు మాకు అన్నం పెట్టింది. హక్కు అనేది శత్రువుకు కూడా ఉంటేనే మనకు ఉంటుందని నాకు ఆ కాయితం నేర్పింది.

ఆ తీర్పూ నా కేసు తీర్పూ జతచేసి అర్జీ పెట్టాను. తిరిగాను. 1992 నవంబరులో చేరాను. పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల సీనియారిటీ నేను రిటైరయ్యేదాకా తిరిగి రాలేదు. నాకంటే తక్కువ మార్కులొచ్చినవాళ్ళు నా పైఅధికారులయ్యారు. రికార్డులో అది శిక్షని ఎక్కడా లేదు. శిక్షని రాయకుండా వేసే శిక్ష అది.

నేను బతికి బయటపడ్డాను. మా పెదనాయన కొడుకు పడలేదు. వాడిది పెద్ద కేసు కూడా కాదు. 1987లో బస్టాండులో టీకొట్టు దగ్గర గొడవ. గ్లాసు విడిగా పెట్టాడని వీడు అడిగాడు, తోపులాట అయింది. వీధిలో కొట్లాట అని 160 సెక్షను పెట్టారు. దానికి చట్టంలో నెల జైలో, వంద రూపాయలదాకా జరిమానానో. కోర్టు ఆవరణలో ఎవరో చెప్పారు. "ఎందుకురా వాయిదాలకు తిరగటం? తప్పు ఒప్పుకో, యాభై కట్టు, ఇంటికి పో." వాడికి రోజు కూలి పది రూపాయలు. వాయిదాకొస్తే ఆ కూలి పోయి, బస్సు చార్జీ పడుద్ది. యాభై కట్టి ఇంటికొచ్చాడు.

ఏడాది తరవాత ఒక ప్రభుత్వ సంస్థలో డ్రైవరు ఉద్యోగం వచ్చింది. ఫారం ఇంగ్లీషులో ఉంది. నింపిపెట్టిన గుమాస్తా అన్నిటికీ లేదు లేదు అని గీసుకుంటూ పోయి సంతకం పెట్టమన్నాడు. జరిమానా కట్టటమంటే శిక్ష పడటమని మావాడికి ఎవరూ చెప్పలేదు. లారీవాడు చలానా కట్టినట్టే అనుకున్నాడు. రెండేళ్ళు బండి తోలాడు, ఒక్క యాక్సిడెంటు లేదు. 1990లో రిపోర్టు వచ్చింది. నిజం దాచాడని తీసేశారు. అంత ఖరీదు ఉంది ఆ యాభై రూపాయలకు. గ్లాసు విడిగా పెట్టిన టీకొట్టుమీద కేసు లేదు, ఎందుకు పెట్టావని అడిగినవాడికి జీవితకాలం శిక్ష. వాడిప్పుడు లేడు. వాడి పిల్లలు ఇటికబట్టీలకు పోయారు.

వాడికి అప్పుడు తెలియనివీ, మాకెవరూ చెప్పనివీ కొన్ని ఉన్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఒకటుంది. చిన్న నేరానికి జరిమానా బదులు మందలించి వదిలిపెట్టమనో, మంచి నడవడికకు పూచీ తీసుకోమనో అడగొచ్చు. అట్లా వదిలితే ఆ శిక్షవల్ల వచ్చే అనర్హత అంటదని ఆ చట్టం 12వ సెక్షను చెబుతుంది. దాని ప్రకారం కూడా యజమాని మన ప్రవర్తనను పరిశీలించొచ్చని కోర్టులు అన్నాయి గానీ, దారి అంటూ ఒకటి ఉంది. 107 బైండోవరు నేరం కాదు, శిక్ష కాదు. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 126వ సెక్షను. పద్దెనిమిదేళ్ళు నిండకముందు చేసినదాని మచ్చ పెద్దయ్యాక అంటకూడదని 2015 బాలల న్యాయ చట్టం అంటుంది, ఘోరమైన నేరాలకు పెద్దవాళ్ళలాగా విచారించిన పదహారేళ్ళు దాటిన పిల్లల విషయంలో తప్ప. ఈ సంగతులు కోర్టు గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి ఉండాలి. ఉండవు.

కోర్టులు కూడా ఈ విషయంలో ముప్పై ఏళ్ళు అటూ ఇటూ ఊగాయి. 1996లో సుశీల్ కుమార్ కేసులో, నిర్దోషిగా వదిలిపెట్టినా సరే పూర్వాపరాలు చూసి పోలీసు ఉద్యోగం నిరాకరించొచ్చన్నారు. 2011లో సందీప్ కుమార్ కేసులో, కుర్రతనపు తప్పుకు జీవితాంతం ముద్ర వేయొద్దంటూ విక్టర్ హ్యూగో నవలలో రొట్టె దొంగిలించిన జీన్ వాల్జీన్ను గుర్తుచేశారు. 2013లో మెహర్ సింగ్ కేసులో మళ్ళీ గట్టిపడ్డారు. 2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి అన్నిటినీ ఒకచోట చేర్చింది. ఫారంలో నిజం రాయాలి. నిజం రాసినా యజమానికి పరిశీలించే అధికారం ఉంటుంది. కానీ అది న్యాయంగా ఉండాలి. చిన్న వయసులో నినాదాలివ్వడంలాంటి అల్ప విషయాలను దాచినా క్షమించొచ్చు. ఫారంలో స్పష్టంగా అడగనిదాన్ని దాచాడనకూడదు. 2022లో పవన్ కుమార్ కేసులో, దాచాడన్న ఒక్క కారణంతో గుడ్డిగా తీసేయకూడదని రైల్వే రక్షణ దళం అభ్యర్థిని నిలబెట్టారు. ఈ మాటలు 1990లో ఉంటే మా వాడు బతికేవాడు.

మాకు ఇంకొక విచారణ అదనం. అది కులం విచారణ. ఇక్కడ నేను రెండు మాటలు చెప్పాలి. దొంగ సర్టిఫికెట్లు మా కంచంలో అన్నం ఎత్తుకుపోయే దొంగతనం. 1993లో మన రాష్ట్రం దానికి చట్టం చేసింది, 1997లో నిబంధనలు తెచ్చింది. 1994 సెప్టెంబరులో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు పరిశీలన కమిటీలు పెట్టమంది. 2017లో, దొంగ సర్టిఫికెట్తో సంపాదించిన ఉద్యోగం ఎన్నేళ్ళు చేసినా నిలవదని తేల్చింది. ఈ విచారణ ఉండాలి. గట్టిగా ఉండాలి. ఇది ఒక మాట.

రెండో మాట. ఈ విచారణ నిజమైన మాల మాదిగల ఇంటికి వచ్చినప్పుడు ఏం చూస్తుంది? గోడ మీద శిలువ ఉందా అని చూస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తెలుగుదేశంలో మాదిగపల్లెలు, మాలపల్లెలు ఎందుకు దేవుణ్ణి మార్చుకున్నాయో 1878 కరువు నాటి ఒంగోలును అడగాలి. అక్కడ ఆ జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. క్రైస్తవులైన మాదిగ తల్లిదండ్రుల బిడ్డ హిందువుగా మారితే, కులం వాళ్ళు కలుపుకుంటే, మాదిగ అవుతాడన్నారు. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకామె గుమాస్తా ఉద్యోగం కోసం అడిగిన సర్టిఫికెట్ను, ఆచరణలో క్రైస్తవురాలని నిరాకరించారు. ఉద్యోగం కోసం మతం మార్చానంటే రాజ్యాంగాన్ని మోసం చేయడమేనన్నారు. టీకొట్టువాడు గ్లాసు విడిగా పెట్టేటప్పుడు గోడ మీద శిలువ చూడడు. గూడెం చూస్తాడు. కులం ఇచ్చిన దెబ్బ గుడి మారినా మానదని మా ఒళ్ళు చెబుతుంది. ఈ సంగతి తేల్చడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

యజమాని వైపు న్యాయం లేదా అంటే ఉంది. నేను ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషిని, అది నాకు తెలుసు. పనివాడు పనిలో ఉండి చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు. 1962లో విద్యావతి కేసులో, రాజస్థాన్లో కలెక్టరు జీపు డ్రైవరు మనిషిని గుద్ది చంపితే ప్రభుత్వమే నష్టపరిహారం కట్టాలన్నారు. ఆడపిల్లల హాస్టలుకు వార్డెనును పెట్టేటప్పుడు, పిల్లల బస్సుకు డ్రైవరును పెట్టేటప్పుడు విచారించకపోతే అదే నేరం. మా ఆడపిల్లలు చదివే హాస్టళ్ళలోనే ఆ విచారణ మొదట జరగాలని నేను కోరతాను. విచారణ వద్దని నేను అనడం లేదు. పనికి సంబంధించింది అడగండి. సంబంధం లేనిది అడగొద్దు. అడిగేది మా శత్రువు అరుగు మీద అడగొద్దు. రాసింది మాకు చూపించండి. మాకూ జవాబు చెప్పే వీలివ్వండి. ఇంతే.

ఇప్పుడు కంపెనీల కాలం. నా కూతురు కంప్యూటరు ఇంజనీరు. హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ రిజర్వేషను లేదు, కులం గడి లేదు, సంతోషించాం. చిరునామా సరిచూడటానికి ఏజెన్సీ కుర్రాడొకడు ఆమె అద్దెకున్న ఇంటికి వచ్చాడు. ఆమె ఆఫీసులో ఉంది. కుర్రాడు ఇంటి ఓనరు హాల్లో కూర్చుని శాశ్వత చిరునామా కాయితం బయటికి తీశాడు. అందులో మా ఊరి పేరు, పక్కన మా కాలనీ పేరు. అంబేద్కర్ నగర్. ఓనరమ్మకు అంతకుమించి ఏం కావాలి? ఆ సాయంత్రం నా కూతురు ఇంటికి పోతే, "మా అబ్బాయి వస్తున్నాడమ్మా, నెలాఖరుకు పోర్షను ఖాళీ చెయ్యి" అన్నది. ఆ అబ్బాయి ఎప్పుడూ రాలేదని పక్క పోర్షనువాళ్ళు తరవాత చెప్పారు. ఉద్యోగం నిలబడింది, గది పోయింది. నూరేళ్ళ తరవాత బరోడాయే హైదరాబాదుకు వచ్చింది. కర్రలు మాత్రం లేవు.

2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. అందులో ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడం కోసం సమాచారం వాడుకోవడానికి వీలు పెట్టారు. యజమాని భయానికి చట్టంలో చోటు దొరికింది. చిరునామాలోంచి కులం కారిపోతుందన్న మా భయానికి ఏ సెక్షనులో చోటుంది?

ఇన్ని విచారణల దేశంలో ఒక్క పనికి మాత్రం ఎవరూ పూర్వాపరాలు అడగరు. మ్యాన్‌హోలు మూత ఎత్తి లోపలికి దిగమనేటప్పుడు అటెస్టేషన్ ఫారం ఉండదు, గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండదు, ఏజెన్సీ కుర్రాడు రాడు. అక్కడ కులమే సర్టిఫికెట్. మనిషిని తీసుకోవడంలో చట్టపరమైన ప్రమాదం అంటూ నిజంగా ఉన్నది అక్కడే. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించితే మొదటిసారికే రెండేళ్ళదాకా జైలో, రెండు లక్షలదాకా జరిమానానో, రెండూనో. చనిపోతే కుటుంబానికి పదిలక్షలివ్వాలని 2014లో, ముప్పై లక్షలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీలు పనివాడి పూర్వాపరాలు వెతకడానికి మనుషుల్ని పెట్టుకుంటాయి. మురుగులో దించే కాంట్రాక్టరు పూర్వాపరాలు వెతకడానికి ఎవరు ఎవర్ని పెట్టారు?

అందుకని మా పిల్లలకు నేను చెప్పేవి ఇవి. కేసు పడితే ప్రతి కాయితం నకలు దాచిపెట్టండి, తీర్పు నకలు ప్రాణంతో సమానం. యాభై రూపాయలతో పోతుందని ఎవరన్నా తప్పు ఒప్పుకోవద్దు, ముందు ప్లీడరును అడగండి. ఫారం మీ చేత్తో మీరే నింపండి, నిజం రాయండి. ఉద్యోగం ఆపితే కారణం రాతపూర్వకంగా అడగండి, 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మీ మీద తప్పుడు కేసు పెట్టడమూ, మీ గురించి అధికారికి తప్పుడు సమాచారమిచ్చి మీకు హాని చేయించడమూ అత్యాచారాల నిరోధక చట్టం కిందే నేరాలని గుర్తుపెట్టుకోండి. ఆ చట్టం 1989లో వచ్చింది. దాన్ని సాధించింది దెబ్బలు తిన్న మన పెద్దలే.

మా నడవడిక గురించి ఇంతకాలం వాళ్ళే రాశారు. పాలేరు బాకీ పుస్తకం నుంచి పోలీసు రిపోర్టుదాకా అన్నీ వాళ్ళ చేతి రాతలే. మేము రాసినవి ఇప్పుడిప్పుడే అచ్చవుతున్నాయి. ఇవి మా సాక్ష్యాలు. ఎవరి అరుగు మీదా కూర్చోకుండా, ఎవరినీ అయ్యా అని పిలవకుండా చెప్పిన సాక్ష్యాలు. ఇకమీదట మమ్మల్ని విచారించదలుచుకున్నవాళ్ళు వీటిని కూడా ఫైలులో పెట్టుకోవాలి.